కన్యకకు పథ్యం పెట్టిన రోజు

పాలకొల్లు బజారులో బుల్లియ్యకు పప్పుల కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, బెల్లం, మిరియాలు, ఇంగువ, ఇవీ అతని సరుకులు. లోకంలో అందరూ లాభానికి కొట్టు పెడతారు. బుల్లియ్య మాత్రం మంచి కందిపప్పు ఊళ్లో దిగగానే ముందు తన ఇంట్లో ఉడకాలని కొట్టు పెట్టాడు. ఈ మాట నేను కల్పించి చెప్పడం లేదు, వాళ్లావిడ శ్యామలాంబే నలుగురిలో అనేది.

మనిషి భోజనప్రియుడు. అలా ఇలా కాదు. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ముక్కుకెక్కితే కళ్లమ్మట నీళ్లు కారుస్తూనే "ఆహా, ఏం కూరే!" అనేవాడు. కంద బచ్చలి వండిన రోజు కొట్టు కట్టేసే వేళ దానంతటదే ముందుకు జరిగేది. లోపల గుమ్మడికాయ దప్పళం పొంగుతోందంటే ఇక్కడ తూకం వేస్తున్న చెయ్యి గాల్లో ఆగిపోయేది. "శెట్టి గారూ, త్రాసు కేసి చూడండి బాబూ" అని కొనేవాళ్లు గుర్తు చేయాల్సి వచ్చేది.

తిండంటే అంత ఇష్టమున్న మనిషికి తిండంటే అంత భయం కూడా ఉండేది. ఆ భయం అతనికి మండపేటలో పట్టుకుంది. కుర్రతనంలో ఒక పెళ్లికని వెళ్లాడు. వంటవాళ్లు కళాయి ఊడిపోయిన ఇత్తడి గంగాళంలో పులుసు కాచి, ముందురోజు నుంచీ అందులోనే ఉంచేశారు. పులుపు తగిలి గంగాళం లోపల పచ్చగా కిలుం పట్టింది. ఆ పులుసును బుల్లియ్య మారు మీద మారు అడిగి పోయించుకున్నాడు. ఆ తర్వాత ఏముంది! ఆడపెళ్లివారు, మగపెళ్లివారు, భజంత్రీలు అన్న తేడా లేకుండా అందరూ కాలువ గట్టు పట్టారు. పెళ్లికొడుకు తాళి కట్టిన చేత్తోనే పొట్ట పట్టుకుని పరుగెత్తాడు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు గానీ, బుల్లియ్య మనసులో మాత్రం ఒక మేకు దిగిపోయింది. పులుసు రుచికి లోటేం లేదు. అంత రుచిగా ఉన్నదాంట్లో అంత విషం ఎలా దాక్కుందన్నదే అతనికి మింగుడు పడలేదు.

ఒక్కడై ఉండగా సరే. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు. పెద్దది కన్యక, దాని వెనక ఇద్దరు మగపిల్లలు. పిల్లల ముందు అన్నం పెట్టిన ప్రతిసారీ మండపేట గంగాళం గుర్తొచ్చేది. కళాయి వేసేవాడు వీధిలోకి వస్తే ముందు బుల్లియ్య గుమ్మంలోనే కొలిమి పెట్టేవాడు, అది ఖాయం. కాలువ నీళ్లు ఇండుపగింజతో తేర్చి, గుడ్డలో వడగట్టి గానీ బానలో పోయనిచ్చేవాడు కాదు. ఊళ్లో ఎక్కడో వాంతులని వింటే చాలు, ఆ నీళ్లు కూడా కాచి తీరాల్సిందే. కిరసనాయిలు డబ్బాలు అప్పుడప్పుడే పడవల్లో దిగుతున్న రోజులవి. బజారంతా తెచ్చి అమ్ముకుంటుంటే, బుల్లియ్య మాత్రం "పప్పు పక్కన ఆ కంపా? మనుషులు తినేవయ్యా ఇవి!" అని వాటిని గుమ్మం ఎక్కనివ్వలేదు.

ఇక కూరగాయల సంగతి వేరే చెప్పాలి. ఆ ఇంట్లో వంట బుల్లియ్య తల్లి సూరమ్మది. ఆవిడ మడి కట్టుకుని వంటింట్లో అడుగు పెట్టిందంటే, దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఒక్క మెతుకు నోట్లో వేసుకోదు. రుచి చూస్తే ఎంగిలి, ఎంగిలిది దేవుడికి పనికిరాదు. ఉప్పూ పులుపూ కంటి అంచనా మీద పడాల్సిందే. అందుకని దోసకాయైనా, ఆనపకాయైనా, బీరకాయైనా పొయ్యెక్కక ముందే మడిలో లేనివాళ్లెవరో పచ్చి ముక్క కొరికి చూడాలి. చేదు కాయ ఒక్కటి కలిస్తే కూరా పోతుంది, తిన్నవాడి కడుపూ పోతుంది. ఆ కొలువు బుల్లియ్యది. శ్యామలాంబ లోపల కూర్చుని తరుగుతుంటే, అతను గడపకు ఇవతల కూర్చుని చెయ్యి చాచేవాడు. ఆవిడ తగలకుండా పైనుంచి ముక్క వదిలేది. అతను కసుక్కున కొరికి, కళ్లు మూసుకుని నమిలి, తీర్పు చెప్పేవాడు.

"ఊఁ, ఇది పోనీయ్. ఆ రెండోది పారెయ్, గొడ్డుకి కూడా పెట్టకు."

"రాజుల ఇళ్లల్లో విషం ఉందేమోనని ముందుగా రుచి చూసేవాళ్లు ఉండేవారటండి. మీరు గానీ ఆ వంశమా ఏంటి?" అని శ్యామలాంబ వేళాకోళం.

"మరి నా రాణీ రాజులూ ఇంట్లోనే ఉన్నారుగా! నేను కాకపోతే ఎవరు చూస్తారే?" అనేవాడు బుల్లియ్య, ఏమాత్రం సిగ్గుపడకుండా.

కన్యకకు తొమ్మిదో ఏడు నడుస్తోంది. తండ్రి ముక్కూ నాలుకా అచ్చంగా దానికే వచ్చాయి. అన్నంలో చారు పోసుకుని ఒక్క ముద్ద తిని, "నాన్నమ్మా, ఇవాళ మిరియం ఎక్కువ, జీలకర్ర తక్కువ" అని తేల్చేసేది. "ఓసి నీ నాలుక పదును తగలెయ్య! అత్తారింట్లో ఇలాగే అన్నావంటే తిరుగు పడవ ఎక్కిస్తారు" అని సూరమ్మ మురిసిపోతూనే తిట్టేది.

ఆ ఏడు వానలు వెనకపట్టాక ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయి. కన్యక మంచం పట్టింది. వైద్యుడు వీరాస్వామి గారు వచ్చి నాడి చూసి, విషజ్వరం, లంఖణాలు కట్టించాలన్నారు. అంటే అన్నం లేదు. కాచిన నీళ్లూ, పల్చటి పేలాల జావా. జ్వరం దిగేదాకా అంతే. ఆ రోజుల్లో ఏ వైద్యుణ్ని పిలిచినా ఇదే మాట చెప్పేవాడు, కాదనే ధైర్యం ఏ తల్లిదండ్రులకూ ఉండేది కాదు.

పిల్ల పస్తుండగా ఇంట్లో తిరగమోత ఘుమఘుమలేంటని బుల్లియ్య పోపుల పెట్టె అటకెక్కించాడు. ఇంటిల్లిపాదీ చప్పిడి కూడు. మగపిల్లలిద్దరూ మొహాలు వేలాడేసుకుని మజ్జిగన్నం తిన్నారు. అంతటితో ఆగాడా? కొట్టులోంచి ఇంగువ వాసన లోపలికి కొడుతోందని, ఉన్న ఇంగువంతా ఎదుటి కొట్టువాడికి ఇచ్చేశాడు. "పిల్ల లేచేదాకా నువ్వే అమ్ముకోవయ్యా" అన్నాడు. ఎదుటి కొట్టువాడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పక్కింటి పాపాయమ్మ గారు బొబ్బట్లు కాలుస్తుంటే గోడ మీదుగా తలెత్తాడు.

"అమ్మా పాపాయమ్మ గారూ, మీకు దణ్ణం పెడతాను. ఆ నెయ్యి వాసన మా పిల్ల మంచం దాకా వస్తోందండి."

"అయ్యో రామ! మా అమ్మాయిని చూసుకోడానికి పెళ్లివారొస్తున్నారండి శెట్టి గారూ. వాళ్లకి చప్పిడి జావ పోయమంటారా ఏంటి?"

"పొయ్యండి, తప్పేముంది? జావ తాగి సంబంధం ఖాయం చేసుకున్నవాళ్లే మంచివాళ్లు!"

పాపాయమ్మ గారు నవ్వాపుకోలేక, అట్లకాడతో సహా లోపలికి వెళ్లి దొడ్డివైపు తలుపు వేసుకుంది.

బుల్లియ్య తను మాత్రం ఏం తిన్నాడు గనక! కొట్టులో మూల కూర్చుని, గోడవైపు తిరిగి, ఉప్పూ మజ్జిగా పోసుకున్న అన్నం నాలుగు మెతుకులు. అది కూడా దొంగతనం చేస్తున్నవాడిలా గబగబా మింగి లేచేవాడు.

"నాన్నా, ఆకలి" అనేది కన్యక. ఆ మాట ఏ తండ్రి వినగలడు? ఇంటినిండా పప్పుల బస్తాలు పెట్టుకున్న తండ్రి అసలే వినలేడు. బుల్లియ్య మొహం తిప్పుకుని కండువాతో కళ్లు తుడుచుకునేవాడు. అది చూసి పిల్లే జాలిపడింది.

"పోనీ అన్నం పెట్టవద్దులే నాన్నా. అన్నం సంగతి చెప్పు."

ఆ రోజు నుంచీ మధ్యాహ్నం పూట కొట్టు మూసి, బుల్లియ్య మంచం పక్కన కూర్చుని మాటలతో వంట చేశాడు. పాత బియ్యం పలుకుగా వండి, పళ్లెంలో ఆరబోసి, చింతపండు పులుసు ఉడికించి, నూనెలో ఆవాలు చిటపటమనిపించి, శనగపప్పు వేయించి, పచ్చిమిరపకాయలు నిలువునా చీరి, కరివేపాకు దూసి పులిహోర కలిపాడు. కన్యక కళ్లు మూసుకుని అంతా విని, నీరసంగా గొణిగింది.

"ఇంగువ మరిచిపోయావు."

బుల్లియ్యకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మడిబట్టతో గుమ్మంలో నిలబడ్డ సూరమ్మ మాత్రం మండిపడింది.

"ఒరే, జ్వరం పిల్ల దగ్గర ఆ వంటలేంట్రా? బుద్ధుందా నీకు?"

"వండటం లేదమ్మా. ఊరికే చెబుతున్నాను."

"నువ్వు చెబితే వండినంత పనిరా! నాకే నోరూరి చస్తున్నాను."

మూడు వారాలు అలా గడిచాక జ్వరం దిగింది. ఒళ్లు చల్లబడింది. మంచానికి అతుక్కుపోయిన పిల్ల లేచి దిండుకి ఆనుకుని కూర్చుంది. ఇంట్లో అందరి మొహాల్లోకీ వెలుగొచ్చింది. వీరాస్వామి గారు నాడి చూసి తల ఊపారు గానీ, బుల్లియ్యను కొట్టులోకి పిలిచి ఒక మాట చెప్పారు.

"శెట్టి గారూ, ఎల్లుండి పథ్యం పెట్టండి. కానీ జాగ్రత్తండి. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న పేగూ, పురిటి పిల్ల పేగూ ఒకటే. ఇప్పుడు పడకూడనిది పడి వాంతులు పట్టుకున్నాయా, జ్వరం తిరగబెడుతుంది. ఇంకోసారి తట్టుకునే సత్తువ ఆ ఒంట్లో లేదు. అప్పుడు నన్ను పిలిచినా నేను చేసేదేం ఉండదండి."

బుల్లియ్య చేతులు జోడించాడు. "ఏం పెట్టమంటారండి?"

"అందరూ పెట్టేదేనండి. ఏడాది దాటిన బియ్యం మెత్తగా వండించండి. లేత బీరకాయ కూర, తిరగమోత లేకుండా. తర్వాత మిరియాల చారు. అంతే. భయపడకండి."

భయపడవద్దంటే ఆగే భయమా అది! బియ్యం తనే చేటలో పోసుకుని గింజ గింజా ఏరాడు. మిరియాల్లో పుచ్చు ఉందేమోనని వెలుతురులో పెట్టి చూశాడు. చారు కాచే సత్తు గిన్నె లోపల వేలుపెట్టి తడిమాడు. అప్పటికీ నమ్మకం కుదరక, గుడికి వెళ్లి క్షీరారామలింగేశ్వరుడి ముందు సాష్టాంగపడ్డాడు.

"స్వామీ, పథ్యం రోజు నా పిల్ల అన్నం తినేదాకా నేను నోట్లో ఏదీ వేసుకోను. దాని కడుపు చల్లగా ఉండేట్టు చూడు తండ్రీ" అని మొక్కుకున్నాడు.

మొక్కు మంచిదే, తండ్రన్నవాడు మొక్కుకోక ఏం చేస్తాడు? కాకపోతే ఆ ఇంట్లో అందరికంటే ముందు నోట్లో వేసుకుని చూడాల్సిన మనిషి తనేనన్న సంగతి ఆ క్షణాన అతనికి తట్టలేదు.

బీరకాయలకు బజారుకు వెళ్లలేదు. పడవెక్కి కాలువ అవతల ఉన్న పెద్దిరాజు తోటకు వెళ్లాడు. పెద్దిరాజు కూరగాయలు పండించే రైతు, బుల్లియ్యకు ఏళ్ల తరబడి ఎరిగినవాడు. అతని తోట కాయంటే బుల్లియ్యకు గురి.

"ఆయ్, రండి శెట్టి గారూ, రండి! పాపకెలా ఉందండి?"

"లేచిందయ్యా, నీ నోటి చలవ. రేపే పథ్యం. లేత బీరకాయలు కావాలి."

"అంతకన్నానాండి! తోట మీదనుకోండి. మీ చేత్తో మీరే కోసుకోండి. ఈలోగా నేను అరటికి నీళ్లు మళ్లించొస్తానండి."

బుల్లియ్య పందిరి కింద తిరిగాడు. కాయలు బాగానే ఉన్నాయి గానీ అతని కంటికి కొంచెం ముదురనిపించాయి. అలా చూసుకుంటూ వెళితే దడి వారన ఇంకో తీగ కనిపించింది. అదే ఆకు, అదే పచ్చ పువ్వు. కాయలు చిన్నవి, నున్నటివి, గోరు పెడితే ఇట్టే దిగేంత లేతవి. "నా తల్లి కోసమే కాచినట్టున్నాయి" అనుకుని నాలుగు కోసి కండువాలో మూట కట్టాడు. తోట చివర ఉన్న పెద్దిరాజు ఏ తీగకి కోశాడో చూడనే లేదు. ఆ తీగ పెద్దిరాజు వేసింది కాదనీ, దడిలో దానంతటదే మొలిచిందనీ బుల్లియ్యకు ఎవరు చెబుతారు?

తెల్లారింది. ఇల్లంతా కడిగి ముగ్గులు పెట్టారు. మగపిల్లల్ని పాపాయమ్మ గారింటికి పంపేశారు. శ్యామలాంబ కూడా అత్తగారికి సాయంగా మడి కట్టుకుని బీరకాయలు చెక్కుతీసి, చివర ముక్క కోసి, ఎప్పటిలాగే గడప మీదుగా చెయ్యి చాచింది.

"ఏమండీ, ఇది చూడండి."

బుల్లియ్య అలవాటుగా అరచెయ్యి పట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మో, మొక్కుందే నాకు! పిల్ల తినేదాకా నోట్లో ఏదీ వేసుకోకూడదు."

"మరెలాగండి? నేనూ అత్తయ్య గారూ మడిలో ఉన్నాం. పాపాయమ్మ గారిని పిలవనా?"

"ఆవిడెందుకు? పెద్దిరాజు తోట కాయ ఏనాడైనా చేదొచ్చిందా? నేను నా కళ్లతో చూసి, నా చేత్తో కోసుకొచ్చాను. మీరు పొయ్యి మీద వేయండి, పిల్ల ఆకలితో ఉంది."

ఇన్నేళ్లలో ఆ గడప దాటి రుచి చూడని కాయ పొయ్యెక్కడం అదే మొదలు. అదీ ఏ రోజు! ఊళ్లో ఎవరి వంటనూ ఊరికే నమ్మని మహానుభావుడు ఆ పూట తన చేతిని గుడ్డిగా నమ్మాడు.

నైవేద్యం అయింది, గంట మోగింది. వీరాస్వామి గారు దగ్గరుండి పథ్యం పెట్టించడానికి వచ్చి పీట మీద కూర్చున్నారు. కన్యక ముందు లేత అరిటాకు వేశారు. మెత్తటి అన్నం, పక్కన బీరకాయ కూర, పైన చుక్క నెయ్యి. ఇన్నాళ్ల తర్వాత అన్నం చూసిన ఆ పిల్ల కళ్లల్లో వెలుగు చూడాలి! మొదటి ముద్ద నాన్నే పెట్టాలంది. బుల్లియ్య కూర కలిపి ముద్ద చేసి నోటికందించాడు. కన్యక ఆత్రంగా అందుకుని నమిలింది. నములుతుండగానే మొహం ముడుచుకుపోయింది. ఎలాగో మింగి, తండ్రి వైపు చూసింది.

"చేదు నాన్నా."

"జ్వరం నోరే తల్లీ, అలాగే ఉంటుంది. ఇంకో ముద్ద తిను" అంది సూరమ్మ.

"లంఖణాలు చేసి లేచిన నోటికి పటికబెల్లం కూడా చేదేనమ్మా. నాలుగు ముద్దలు లోపలికి పోతే అదే సర్దుకుంటుంది" అన్నారు వీరాస్వామి గారు.

వాళ్ల తప్పేం లేదు. జ్వరం పడి లేచిన పిల్లలందరూ మొదటి పథ్యం చేదనే అంటారు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు బుజ్జగించి, కాదంటే కసిరి, మింగించేస్తారు. బుల్లియ్య కూడా అదే పని చేశాడు. రెండో ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాడు.

"నా బంగారు తల్లివి కదూ! చేదు నీ నోటిదమ్మా, కూరది కాదు. కళ్లు మూసుకుని మింగెయ్."

కన్యక పెదవులు బిగించి తల పక్కకి తిప్పింది. కళ్లల్లో నీళ్లు నిండాయి.

"పొద్దున్న జావ చేదుగా లేదు నాన్నా. ఇదే చేదు. నిజంగా చేదు."

బుల్లియ్య చెయ్యి ఆగిపోయింది. ఇన్ని రోజులుగా అన్నం అన్నం అని కలవరించిన పిల్ల, అన్నం నోటి దగ్గరకొస్తే ఎందుకు మొహం తిప్పుకుంటుంది? మాటల్లో వండిన పులిహోరలో ఇంగువ లేదని పట్టుకున్న నాలుక, అసలు కూర దగ్గర పొరపడుతుందా? పొద్దున్న గడప దగ్గర వెనక్కి తీసుకున్న తన అరచెయ్యి కళ్ల ముందు కదిలింది. తను రుచి చూడలేదు. ఈ కాయ ఎవరూ చూడలేదు.

చేతిలో ఉన్న ముద్ద చటుక్కున తన నోట్లో పెట్టుకున్నాడు.

"ఒరే, మొక్కురా!" అని సూరమ్మ కేక పెట్టింది. "పిల్ల ఎంగిలి ఆకులోది తింటావేంట్రా!"

ఆ కేక అతనికి వినపడలేదు. నాలుక చివర మొదలైన చేదు కొండనాలుక దాకా పాకింది. పెరట్లోకి పరుగెత్తి ఊసేసి, అంతే వేగంగా తిరిగొచ్చి ఆకు లాగి అవతల పడేశాడు.

"కాయే చేదు! పిల్ల నోరు కాదు, కాయే చేదు! ఎవరూ ముట్టుకోకండి!"

వీరాస్వామి గారు గిన్నెలోంచి చిన్న తునక గోటితో తీసి నాలుక్కి తగిలించుకున్నారు. ఆయన మొహం పాలిపోయింది.

"శివ శివా! చేదుబీర ఇది. ఎవరైనా తినకూడనిది తింటే కక్కించడానికి మేమిచ్చే మందండి. నేనే తినమన్నాను, నాదీ బుద్ధి తక్కువే. ఎంత మింగింది?"

"ఒకటే ముద్దండి."

"గోరువెచ్చటి నీళ్లు పట్టించండి. బయటికొచ్చేస్తే మంచిదే. వచ్చి ఆగిపోయిందా, గండం తప్పినట్టే. ఆగకపోతే..."

వచ్చేసింది. తిన్న ముద్దంతా వచ్చేసింది. కన్యక అలిసిపోయి మంచం మీద వాలింది. మళ్లీ వస్తుందేమో, ఒళ్లు కాలుతుందేమోనని అందరూ చుట్టూ కూర్చున్నారు. వీరాస్వామి గారు కూడా ఇంటికి వెళ్లకుండా వసారాలోనే ఉండిపోయారు. బుల్లియ్య పిల్ల పాదాలు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"నా చేత్తో నేనే పెట్టానే" అన్నాడు శ్యామలాంబతో. "అది చేదంటే మింగమన్నానే. ఊరందరి తిండికీ వంకలు పెట్టి, నా పిల్లకి నేనే..."

"ఆపిందీ మీ చెయ్యేనండి" అంది శ్యామలాంబ. "రెండో ముద్ద లోపలికి పోలేదు. అది చాలు నాకు."

మూల కూర్చున్న సూరమ్మకు దుఃఖం ఇంకోవైపు నుంచి పొర్లుకొచ్చింది. "ఒరే బుల్లియ్యా, స్వామికి చేదు కూర నైవేద్యం పెట్టానురా! పాపిష్టిదాన్ని!"

"పోనీలే అమ్మా. విషం మింగి కూర్చున్నవాడికి చేదుబీర ఒక లెక్కా?"

శ్యామలాంబ ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నం తిరిగింది. వాంతి మళ్లీ రాలేదు. ఎండ పెరటి గోడ ఎక్కింది. వీరాస్వామి గారు వచ్చి నాడి చూశారు, నుదురు చూశారు, పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. ఆయన భుజాలు కిందకి దిగడం బుల్లియ్య గమనించాడు. దీపాలు పెట్టే వేళకు కన్యక కళ్లు విప్పింది.

"నాన్నా, ఆకలేస్తోంది."

"ఆకలేస్తోందంటండి! వీరాస్వామి గారూ, పిల్లకి ఆకలేస్తోందంటండి!" అని బుల్లియ్య గంతేసినంత పని చేశాడు.

"విన్నానండి, నాకు చెవుడు లేదు" అన్నారాయన నవ్వుతూ. "చారూ అన్నం పెట్టండి. ఇంకేం వద్దు."

సూరమ్మ మళ్లీ పొయ్యి ముట్టించింది. కంగారులో చెయ్యి ఎటు పోతోందో తెలియకుండా అన్నం వండి, చారు కాచి తెచ్చింది. బుల్లియ్య మెత్తగా పిసికి, చారు పోసి కలిపి ముద్ద అందించాడు. కన్యక నోరు తెరవలేదు. రెండు చేతులతో తండ్రి మణికట్టు పట్టుకుని వెనక్కి తోసింది. కళ్లల్లో బెదురు అలాగే ఉంది.

"ముందు నువ్వు తిను."

తన చేతి ముద్దకి తన పిల్ల బెదిరింది. బెదరక ఏం చేస్తుంది?

"తప్పు నాదమ్మా. నువ్వు చెబితే నేను వినలేదు. ఇంకెప్పుడూ అలా చెయ్యను" అని, తల్లి వైపు చూడకుండా, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అన్నం గొంతు దిగుతుంటే కళ్లమ్మట నీళ్లు జలజలా రాలాయి. "బాగుందమ్మా. అమృతంలా ఉంది. తిను."

కన్యక అతని మొహంలోకి ఒక్క క్షణం పరీక్షగా చూసి నోరు తెరిచింది. నెమ్మదిగా నమిలింది. మింగింది. పిల్ల మొహం చిట్లించింది.

"ఇదేంటి నాన్నా, అమృతం అన్నావు! అసలు ఉప్పే లేదు."

బుల్లియ్య నోట్లో మిగిలిన నాలుగు మెతుకులూ మళ్లీ చప్పరించి చూశాడు. నిజమే. అంతటి నాలుక గల మనిషికి ఉప్పు లేదన్న సంగతే తెలియలేదు.

"ఉప్పు లేదటే!" అని కేకేశాడు, ఏడుస్తూ నవ్వుతూ. "అమ్మా, నీ చారులో ఉప్పు లేదట! నా తల్లి వంక పెట్టింది! ఉప్పు తీసుకురండే ఎవరైనా!"

సూరమ్మ, శ్యామలాంబ ఇద్దరూ ఒక్కసారే లేచి, ఉప్పు కోసం వంటింట్లోకి పరుగెత్తారు.